మ పక్కన ఖాళీ

జూన్ 3, మంగళవారం

రాయి వచ్చింది. నల్లరాయి, అద్దంలా ఉంది. మేస్త్రి దగ్గరుండి బండి మీంచి దింపించి, షెడ్డులో నీడపట్టున గోడకి ఆనించి పెట్టించాడు. "మీ అక్క రాయి నువ్వు చెక్కుతావా, నన్ను చెక్కమంటావా?" అన్నాడు. నేనే చెక్కుతానన్నాను.

సుద్దముక్క తీశాను. మళ్ళీ డబ్బాలో పడేశాను. ఇవాళ ఎండ బాగా ఎక్కువగా ఉంది.

జూన్ 4

రాయి మీద ఏం ఉండాలో నాన్న తేల్చేశాడు. పాస్టరుగారు ఇంటికొచ్చి ఏదో వాక్యం చెప్పారు. మంచి వాక్యమే. నాన్న తల అడ్డంగా ఊపాడు. "అది అందరి రాళ్ళ మీదా ఉంటుంది అయ్యగారూ. మా పిల్ల రాయి మీద మా పిల్ల మాట ఉండనివ్వండి" అన్నాడు.

మా పిల్ల మాట అంటే, మళ్ళీ కలుస్తాము.

అక్క అలా అనలేదు. నేను పక్కనే ఉన్నాను. ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం, ముక్కులో గొట్టం, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "మళ్ళీ కలుస్తాంలేరా చిన్నోడా, ముఖం అలా పెట్టకు" అంది. ఆ తర్వాత ఇంక ఎవరితోనూ ఏమీ అనలేదు. నాన్న అందులోంచి 'లేరా చిన్నోడా' తీసేశాడు. 'కలుస్తాం' అని సున్నాతో ఆపితే రాతి మీద బోసిగా ఉంటుందట. కలుస్తాము అని నిండుగా ఉండాలట.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక సమాధి దగ్గర ప్రార్థన. ఆలోగా రాయి నిలబెట్టాలి.

నాకు ఎవరి మీదా కోపం లేదు. ఊరికే రాసుకుంటున్నాను.

జూన్ 6

పేరు చెక్కాను. ఆ పేరు ఇక్కడ రాయను. రాతి మీద రాశాను కదా, చాలు.

ఇదివరకైతే ఏ రాయి అయినా సుద్దతో రాసి, ఉలి పట్టేముందు ఫోన్లో ఫొటో తీసి అక్కకి పంపేవాణ్ణి. బడి మధ్యలో మానేసినవాణ్ణి, ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకెప్పుడూ అనుమానమే. తను టీచరుగా చేసే బళ్ళో పసిపిల్లల్ని పడుకోబెట్టి, అప్పుడు ఫోన్ చేసేది. ఓసారి 'ప్రియమైన బర్త' అని రాసి పంపాను. "ఒరే, బ కింద ఒత్తు పెట్టరా. పాపం ఆయనకి ఊపిరాడట్లేదు" అంది. "పోయినాయనకి ఊపిరేంటే" అన్నాను. ఇద్దరం ఎంత నవ్వామో. మేస్త్రి వచ్చి తిట్టాడు, సమాధి రాళ్ళ దగ్గర ఆ ఇకిలింపులేంటి, గిరాకీ పోతుంది అని.

ఇవాళ కూడా ఫొటో పంపాను. అలవాటు మీద పంపాను, అంతే. ఆ ఫోన్ ఇంట్లో బీరువాలో ఉంది, ఛార్జింగ్ లేకుండా.

జూన్ 8, ఆదివారం

తలనొప్పి. చర్చికి వెళ్ళలేదు. నాన్న వెళ్ళాడు.

జూన్ 10

పేరు కింద లైను మొదలుపెట్టాను. మొదలే తప్పు. మధ్య గీత కొలుచుకోకుండా ఎడమవైపు అంచు దగ్గర్నుంచి ఉలి పెట్టేశాను. మేస్త్రి టీ గ్లాసుతో వచ్చి చూసి, గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏరా కుదురూ, ఇదేంటిది? మాటంతా ఒక పక్కకి పోయింది. కుడివైపు ఈ ఖాళీ ఎవరి కోసం?"

కుదురు అంటే నేనే. కుదురు లేదని పెట్టిన పేరు. రంగులేసే పని వదిలేశాను, టైర్ల కొట్టు వదిలేశాను, ఇక్కడికొచ్చాక మాత్రం ఎందుకో నిలబడ్డాను. ఉలి దెబ్బ పడ్డాక వెనక్కి తీసుకోలేం కదా, అందుకేనేమో.

"ఖాళీలో పువ్వు చెక్కుతాలెండి" అన్నాను.

"పువ్వు చెక్కు, ఆకు చెక్కు, ఏదో ఒకటి చెక్కు. అలా వదిలేస్తే వంకర నోరులా ఉంటుంది."

మళ్ళీ, క, లు, స్తా. సాయంత్రానికి మ కూడా అయ్యింది. అక్కడ ఆపాను. ఉలి మొద్దుబారింది.

జూన్ 11

ఉలి సాన పట్టించాను. దాంతోనే పొద్దు గడిచిపోయింది.

జూన్ 12

వాన. తడి రాయి చెక్కకూడదు. షెడ్డులోకి వాన రాదు, అయినా.

జూన్ 13

మేస్త్రి ఇవాళ ఊరుకోలేదు. రాయి ముందు కూర్చుని బడిపిల్లాడిలా పైకి చదివాడు. "మళ్ళీ... కలుస్తామ. కలుస్తామ? ఇదేం భాషరా?"

"ఇంకా అవ్వలేదండి."

"అక్షరం అయిపోయింది కదరా. కొమ్ము పెట్టడానికి ఎన్నాళ్ళు? నాలుగు దెబ్బలు."

గుడ్డతో ఉలి తుడిచాను. ఆయన నా ముఖంలోకి చూసి, గొంతు తగ్గించి, "ఒంట్లో బాగుందా?" అన్నాడు.

ఇంటికొచ్చి ఇక్కడ రాసి చూసుకుంటున్నాను.

కలుస్తాము.

కలుస్తామా.

అంతే తేడా. మ పక్కన కొమ్ము పెడితే నాన్న మాట. దీర్ఘం పెడితే నా మాట. రెంటికీ దెబ్బలు అన్నే. నేను నమ్మని మాట అక్క నెత్తిన పెట్టి నిలబెట్టనా? పెట్టకపోతే నాన్న అందరి ముందూ దాన్ని చదవాలి. ఆయనకి మిగిలింది ఆ మాటొక్కటే. అది కూడా పీకేస్తే ఏం పట్టుకుని లేస్తాడు పొద్దున్నే?

చిన్నప్పుడు సంధులు రాక నేను పలక విసిరేస్తే అక్క నేర్పింది గుర్తొచ్చింది. "కొమ్ము అంటే నీలాంటిదిరా, ఒకచోట ఉండదు. పక్కన ఇంకో మాట వచ్చి ఆనుకుంటే దానంతటదే ఊడిపోతుంది." అలా చెబితే అర్థమయ్యింది. పంతులు చెబితే అవ్వలేదు.

కొమ్ము గురించి రాస్తూ కూర్చున్నాను. దేవుడి గురించి రాయకుండా ఉండటానికి.

జూన్ 15, ఆదివారం

వెళ్ళాను. నాన్న చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టాడు, ఏమీ అనలేదు, అందుకని వెళ్ళాను.

వెనక తలుపు పక్కన కూర్చున్నాను. పాటలప్పుడు నోరు కదిపాను. ఆరాధన అయ్యాక కుట్టుమిషన్ ఆంటీ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అక్క ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఉపవాస ప్రార్థనలు పెట్టించింది ఆవిడే. ఒకరోజు కళ్ళు మూసుకుని, స్వస్థత అయిపోయింది, అందరూ నమ్మండి అని గట్టిగా చెప్పింది. నమ్మాను. నేను, బడి మానేసినవాణ్ణి, కుదురు లేనివాణ్ణి, మోకాళ్ళు వాచేదాకా నమ్మాను.

ఇవాళ ఆవిడ అంది, "దేవుడు తప్పు చెయ్యడు నాయనా. ఎక్కడో మన విశ్వాసమే సన్నగిల్లి ఉంటుంది."

"ఎవరిది ఆంటీ?" అన్నాను.

"ఆఁ?"

"సన్నగిల్లింది ఎవరిది? అక్కదా, నాన్నదా, నాదా? చెబితే రాతి మీద చెక్కుతాను."

చెయ్యి వదిలేసింది. నాన్న వెనకే నిలబడి ఉన్నాడు. "స్తోత్రం అమ్మా, వెళ్ళొస్తాం" అన్నాడు ఆవిడతో. స్తోత్రం! బస్సు ఆలస్యమైతే స్తోత్రం. కరెంటు పోతే స్తోత్రం. డాక్టరు బయటికొచ్చి తల దించుకున్నప్పుడు కూడా అదే మాట. నాకు చేత్తో ఆయన నోరు మూసెయ్యాలనిపించింది.

ఇంటిదాకా నేను ముందు, ఆయన వెనక.

జూన్ 18

మా ఇంట్లో రోజూ సాయంత్రం ప్రార్థన. అమ్మ పోయినప్పట్నుంచీ పద్ధతి అదే. నాన్న వాక్యం చదువుతాడు, అక్క పాట పాడుతుంది, నాన్న ప్రార్థన చేస్తాడు, నేను ఆమేన్ అంటాను. నాకిచ్చిన పని అదొక్కటే. అది కూడా తొందరగా అనేసి పరిగెత్తేవాణ్ణి. "నీ ఆమేన్ చెప్పులేసుకుని ఉంటుందిరా" అనేది అక్క.

ఇప్పుడు నాన్న వాక్యం చదువుతాడు. ఆపుతాడు. పాట ఎంతసేపు పడుతుందో అంతసేపు అలాగే కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. చరణాలతో సహా. పక్కింటి టీవీ వినిపిస్తుంది, కుళాయి చుక్కలు వినిపిస్తాయి. తర్వాత ప్రార్థన మొదలుపెడతాడు.

ఆ ఖాళీ నేను భరించలేను. ఇవాళ కూడా లేచి బయటికి వచ్చేశాను. వీధి చివర దాకా నడిచి, మళ్ళీ నడిచి. వచ్చేసరికి నా కంచం మీద మూత పెట్టి ఉంది.

"నీకు కోపం రాదా నాన్నా?" అన్నాను.

"దేనికి?"

"దేనికా?"

"చల్లారిపోతోంది, తిను" అన్నాడు.

నేను తిన్నాను. ఆయన బస్సుల షెడ్డులో వేసుకునే చొక్కా ఉతుక్కుంటూ కూర్చున్నాడు. గ్రీజు మరక మీద సబ్బు పెట్టి రుద్దిందే రుద్దాడు. మరక పోయాక కూడా.

జూన్ 20

ఒక ముసలావిడ రాయి చెక్కమని చెప్పడానికి వచ్చింది. భర్త పోస్ట్‌మ్యాన్‌గా చేసి పోయాడట. ఏం రాయించాలో తెలీక షెడ్డంతా తిరిగి మా రాయి ముందు ఆగింది.

"మళ్ళీ కలుస్తామ... తర్వాతేంటి బాబూ?"

"ఇంకా తెలీదమ్మా."

"తెలిశాక చెప్పు. బాగుంటే నేనూ అదే పెట్టించుకుంటాను" అంది. బజార్లో చీర చూసినట్టు రాయి అంచు తడిమి చూసి వెళ్ళింది.

మేస్త్రి నవ్వాడు. "చూశావా, సగం సరుక్కే గిరాకీ. నాకు మీ దేవుడితో పేచీ లేదురా, గిరాకీ పంపేది ఆయనే." అని, వెంటనే నావైపు చూసి, "ఛ, నోరు జారింది" అన్నాడు. ఫరవాలేదు అన్నాను. నిజంగానే ఫరవాలేదు. ఆయన ఒక్కడే నాతో మామూలుగా మాట్లాడుతున్నాడు.

జూన్ 22, ఆదివారం

తలనొప్పి.

నిజం కాదు. బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళి, అదే బస్సులో వెనక్కి వచ్చాను. కండక్టరు "ఏంటి, ఏమైనా మర్చిపోయావా?" అన్నాడు. అవును అన్నాను.

నాకు కోపం లేదని ముందు పేజీలో రాశాను. అది కూడా నిజం కాదు.

జూన్ 24

నిర్ణయించుకున్నాను. దీర్ఘం.

సుద్దతో పెట్టి చూశాను. కలుస్తామా. అబద్ధం లేదు అందులో. తెలీనిదాన్ని తెలీదనే అడుగుతున్నాను. నాన్న చదువుకుంటే చదువుకోనీ. అయ్యగారికి కోపమొస్తే రానీ. రేపు సన్న ఉలితో మొదలుపెట్టాలి. సన్న ఉలి ఇంట్లో ఉంది.

జూన్ 25

వరసగా రాయాలి, లేకపోతే పోతుంది.

మధ్యాహ్నం సన్న ఉలి కోసం ఇంటికి వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ లేదు. నాన్న బస్సుల షెడ్డుకి వెళ్ళాడనుకున్నాను. లోపల మాటలు వినిపించాయి. ఎవరో వచ్చారనుకున్నాను. నాన్న ఎవరితోనో పోట్లాడుతున్నాడు. ఆయన గొంతు అలా లేవడం నేనెప్పుడూ వినలేదు.

అక్క గదిలో నేల మీద కూర్చుని ఉన్నాడు. వీపు నావైపు. గదిలో ఇంకెవరూ లేరు.

"నువ్వన్నావు" అంటున్నాడు. "నేను అడిగానా? నువ్వే అన్నావు. దాని తల్లి పోయినప్పుడూ అదే అన్నావు. సరే అన్నాను. నోరెత్తానా? పిల్లలిద్దర్నీ పెట్టుకుని సరే అన్నాను. ఇప్పుడు పిల్లని కూడా తీసుకున్నావు. సరే అనడానికి నాకు నోరు రావట్లేదయ్యా."

ఆగాడు. ఆయాసపడుతున్నాడు. పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు.

"ఆ పిచ్చివెధవ నాతో మాట్లాడటం మానేశాడు. నీతోనూ మానేసినట్టున్నాడు. వాడికేం చెప్పను? నాకే అర్థం కాంది వాడికేం చెప్పను? నాకు తెలిసింది ఒక్కటే. నువ్వన్నావు. మళ్ళీ చూపిస్తానని నువ్వన్నావు. ఆ మాట మీదే కూర్చున్నాను. లేవను. నువ్వు లేపే దాకా లేవను."

తర్వాత, పిడికిలితో నేల మీద కొట్టి, "స్తోత్రం" అన్నాడు.

ఆ మాట అలా అంటారని నాకు తెలీదు. కొట్లాటలో చొక్కా పట్టుకున్నవాడు, ఎంత గుంజినా వదలనివాడు అన్నట్టు అన్నాడు. బస్సు ఆలస్యమైనప్పుడు అన్నదీ అదేనా? డాక్టరు ముందు అన్నదీ?

నేను చప్పుడు కాకుండా బయటికి వచ్చేశాను. ఉలి తీసుకోలేదు. పనికి తిరిగి వచ్చి, రాయి ముందు కూర్చున్నాను. మేస్త్రి రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం తడిగుడ్డతో దీర్ఘం తుడిచేశాను.

జూన్ 26

నాన్నకి తెలీదు నేను విన్నానని. పొద్దున్న నా టీలో చక్కెర ఎక్కువ వేశాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే అలా వేసేవాడు.

జూన్ 27

దొరికింది.

మ కి కొమ్ము అక్కర్లేదు. దీర్ఘమూ అక్కర్లేదు. మ అలాగే ఉండాలి, ఉన్నది ఉన్నట్టు. పక్కన ఇంకో మాట వచ్చి ఆనుకోవాలి.

సుద్దతో రాశాను. ఒత్తు సరిగ్గానే ఉందా అని నాలుగుసార్లు చూశాను. న కింద న. పైకి చదివాను. ఉలి తీశాను.

జూన్ 28

అయ్యింది. తెల్లరంగు నింపాను. మేస్త్రి దూరంగా వెళ్ళి ఒక కన్ను మూసి చూశాడు.

"ఖాళీ సరిగ్గా సరిపోయిందే! లైను ఇప్పుడు మధ్యకొచ్చింది. ముందే అనుకుని వదిలావా, దొంగా?"

"లేదండి. పొరపాటున వదిలేశాను."

"ఆ మాట బయట ఎక్కడా అనకు. అనుకునే చేశానని చెప్పు" అన్నాడు. తర్వాత ఇంకోసారి చదివి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

జూలై 6, ఆదివారం

ఆరాధనకి వెళ్ళాను. పాడలేదు. కానీ చివరిదాకా ఉన్నాను.

అక్కణ్ణుంచి అందరం సమాధుల తోటకి నడిచాం. నాన్నకి రాయి చూపించలేదు ఇంతవరకూ. కప్పిన గుడ్డ నేనే తీశాను.

పాస్టరుగారు పేరు చదివారు, తేదీలు చదివారు. తర్వాత లైను దగ్గర ఆగి, కళ్ళజోడు సర్దుకున్నారు.

"మళ్ళీ కలుస్తామన్నావు."

నాన్న వంగి, ఒక్కో అక్షరంలోనూ చూపుడువేలు పెట్టి నడిపించాడు. మ దగ్గరకొచ్చాక కొమ్ము కోసం వెతికినట్టు వేలు ఆగింది. తర్వాత ముందుకెళ్ళింది. చివర కొమ్ము దగ్గర వేలు చాలాసేపు ఉంచాడు.

"బాబూ, ఇది ఎవరితో అంటున్నట్టు?" అన్నారు పాస్టరుగారు నన్ను, మెల్లగా. "మీ అక్కతోనా, లేక..."

నేను నోరు తెరిచేలోపు నాన్న అన్నాడు, "ఎవరు అన్నారో వాళ్ళకి తెలుసులెండి అయ్యగారూ."

నావైపు చూడలేదు. నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి మొత్తం బరువు నా మీద వదిలేశాడు.

కుట్టుమిషన్ ఆంటీ వెళ్ళేముందు రాయి దగ్గరికి వచ్చింది. ఏదో అంటుందని పళ్ళు బిగబట్టాను. పైటకొంగుతో రాతి మీద ధూళి తుడిచింది, అక్కడ ధూళి లేకపోయినా.

సాయంత్రం నాన్న వాక్యం చదివి ఆపాడు. కళ్ళు మూసుకున్నాడు. నేను లేవలేదు. కుళాయి చుక్కలు, పక్కింటి టీవీ. అక్క ఏ పాట పాడేదో, ఏ చరణం దగ్గర గొంతు జీరపోయేదో అన్నీ గుర్తొచ్చాయి. కాళ్ళు పరిగెత్తమన్నాయి. కూర్చున్నాను. పాట మొత్తం అయ్యాక నాన్న ప్రార్థన చేశాడు.

ఆమేన్ అన్నాను. మెల్లగానే అన్నాను.

జూలై 8

పోస్ట్‌మ్యాన్ గారి భార్య వచ్చింది. తోటకి వెళ్ళి చూసొచ్చిందట. "అదే మాట నాకూ కావాలి బాబూ. కానీ ఒక్క మార్పు. నేను ఆయన్ని నువ్వు అని ఎన్నడూ అనలేదు. 'కలుస్తామన్నారు' అని పెట్టు" అంది.

"సరేనమ్మా" అన్నాను. "ఆయన నిజంగా అన్నారా అలా?"

"ఆయన నోరు విప్పితే కదా!" అంది. తర్వాత పైకి చూపించింది. "మా ఆయన తరఫున ఆయన అన్నాడుగా. చాలదూ?"

నాకు నవ్వొచ్చింది. చాలా రోజులకి.

ఆవిడ వెళ్ళాక రాతి మీద సుద్దతో 'ప్రియమైన భర్త' అనీ, దాని కింద ఆవిడ చెప్పిన మాటా రాశాను. ఫోన్ తీశాను, జేబులో పెట్టేశాను. ఇప్పుడు సరిచూసేవాళ్ళు లేరు కాబట్టి పైకే చదివాను, ఒత్తులన్నీ పలుకుతూ, గట్టిగా. 'భర్త'కి ఊపిరాడుతోంది.

ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఇంకోసారి చదివాను, వినేవాళ్ళుంటే వింటారని.

ఉలి పెట్టాను.